పొడుగ్గా సన్నగా ఉండే వింగ్ బోర్డులు: కొనాలా, చేసుకోవాలా, అసలు అవసరమేనా?

శాన్‌మాటియో_శీను
అందరికీ నమస్తే. నేను వింగ్ ఫాయిలింగ్ చేస్తుంటాను, అంటే గాలి ఊదిన వింగ్ చేత్తో పట్టుకుని, అడుగున ఫాయిల్ (నీళ్ళలో ఉండి బోర్డుని ఎత్తే రెక్క) ఉన్న బోర్డు మీద నీళ్ళ పైకి లేచి పోవడం. నా బరువు 78 కిలోలు, బోర్డు 5'2" పొడుగు 26" వెడల్పు 95 లీటర్లు, ఫాయిల్ 1200 చదరపు సెంటీమీటర్లు, ఎక్కువగా 5 (చదరపు) మీటర్ల వింగ్. మా శాన్‌మాటియో తీరంలోని థర్డ్ ఎవెన్యూలో గాలి 18, 20 నాట్లు ఉన్నంతసేపు ఏ గొడవా లేదు. సాయంత్రం 12కి పడిందంటే మాత్రం నా పని అయిపోయినట్టే, పంప్ చేసీ చేసీ (వింగునీ బోర్డునీ ఊపీ ఊపీ) భుజాలు పోతున్నాయి, బోర్డు ముందున్న నీళ్ళని తోసుకుంటూ పోతుందే గానీ పైకి లేవదు. పక్కనే నాకంటే ఒళ్ళున్న ఒకాయన 6'6" సన్న బోర్డు మీద, నాకంటే చిన్న వింగుతో, అలా జారుకుంటూ పోయి లేచిపోతాడు. ఏంటా రహస్యం అని అడిగితే నవ్వి బోర్డు చూపించాడు.

ఇప్పుడు 6'6" x 20", అదే 95 లీటర్లది ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కనిపించింది. లీటర్లు మారకుండా పొడుగు ఒక్కటే పెరిగితే అంత తేడా వస్తుందా? నిలబడగలనా? వాడుతున్నవాళ్ళు కాస్త చెప్పండి.

గోదారి_గాలి
శీను గారూ, వస్తుందండి తేడా. ఎందుకొస్తుందో తెలిస్తే కొనాలో వద్దో మీకే తెలుస్తుంది కాబట్టి కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి.

మీరు, బోర్డు, ఫాయిల్, వింగ్, తడిసిన వెట్‌సూట్ అన్నీ కలిపి 93 కిలోలు వేసుకుందాం. 1200 ఫాయిల్ అంటే 0.12 చదరపు మీటర్లు. లిఫ్ట్ కోఎఫిషియెంట్ (ఫాయిల్ ఎంత బాగా ఎత్తుతుందో చెప్పే అంకె) 1 దాకా పిండుకోగలిగితే ఆ బరువుని ఎత్తడానికి కావల్సిన వేగం సుమారు 7.5 నాట్లు. అదే 800 ఫాయిల్ అయితే 9.2 నాట్లు. అంటే ఫాయిల్ తన పని మొదలుపెట్టేలోపు బోర్డు నీళ్ళ మీద ఆ వేగం అందుకోవాలి. పొట్టి వెడల్పు బోర్డు 3, 4 నాట్ల దగ్గర తన ముందు తనే ఒక అల కట్టుకుంటుంది, ఆ గుట్ట ఎక్కి అవతలకి పడితే గానీ ప్లేనింగ్ (నీళ్ళ పైపైన జారడం) రాదు, ఆ ఎక్కడానికే మీ భుజాలు పోయేది. సన్నటి బోర్డు ఆ గుట్ట కట్టదు, కట్టినా చిన్నది. నీళ్ళని కోసుకుంటూ 5, 6, 7 అలా పెరుగుతూ పోతుంది, ఎక్కడా గోడ తగలదు.

2019లో డ్యూటోన్, నైష్ కంపెనీల వింగులు వచ్చిన కొత్తల్లో మనందరం ఎక్కినవి సప్ (నిలబడి తెడ్డు వేసే) ఫాయిల్ బోర్డుల తమ్ముళ్ళే, పొట్టిగా పళ్ళెంలా ఉండేవి. తర్వాత తెడ్డుతో డౌన్‌విండ్ (గాలి వాలున అలల మీద పోవడం) చేసేవాళ్ళు, డేవ్ కలామా బారకూడా లాంటి బోర్డులు, పడవ ఆకారంలో పొడుగ్గా తెచ్చారు. తెడ్డు ఒక్కదానితో లేవగలిగిన బోర్డు వింగుతో ఇంకెంత తేలిగ్గా లేస్తుంది అని జనం వాటినే వింగుకి వాడటం మొదలెట్టారు, వాటిని కాస్త కుదిస్తే ఇప్పుడు మనం మిడ్‌లెంగ్త్ అనేది వచ్చింది. 6'6" x 20" సరిగ్గా ఆ కోవలోదే.

వరంగల్_వింగర్
గోదారి అన్నా లెక్కలు మంచిగనే ఉన్నయి గని హల్ స్పీడ్ ఫార్ములా (పడవ నీళ్ళల్ల ఎంత వేగంగ పోతదో చెప్పే లెక్క, పొడుగు అడుగులల్ల, వేగం నాట్లల్ల) పెట్టి చూడు. 1.34 ఇంటూ పొడుగు రూట్. 5'2"కి 3.05 నాట్లొస్తది, 6'6"కి 3.4. అర నాటు గూడ లేదు తేడా. గీ మాత్రం దానికి కొత్త బోర్డు కొనాల్నా? శీను తమ్మీ, 6 మీటర్ల వింగ్ కొనుక్కో, అగ్గువకు అయితది.

నేను కాలిఫోర్నియాల నది మీదున్న షెర్మన్ ఐలాండ్ల తిరుగుత, ఆడ ఎండకాలం 20, 25 మామూలే. పొడుగు బోర్డు ఒకసారి దోస్తుది అడుక్కొని ఎక్కిన. లేవుడు మస్తు లేస్తది, కాదనను. లేచినంక జైబ్ (గాలికి వీపు పెట్టి మలుపు తిరుగుడు) చేద్దామంటే ముక్కు యాడికో పోతది, దాని ఇష్టం దానిదే. పైకెళ్ళి గాలి ముక్కు కింద దూరితే ఎత్తి పడేస్తది. గాలి మంచిగున్న జాగల గది దండుగ, నా మాట ఇను.

గోదారి_గాలి
> 1.34 ఇంటూ పొడుగు రూట్

అక్కడే ఉందండి కిటుకు. ఆ సూత్రం బరువైన పొట్టి పడవలకి సరిపోతుంది గానీ సన్నటి వాటికి కాదు. రోయింగ్ పోటీల్లో వాడే పడవలు ఆ లెక్కకి లోబడితే పోటీలే ఉండవు. చూడాల్సింది పొడుగుని వెడల్పుతో భాగిస్తే ఎంతొస్తుందనేది. శీను గారి 5'2" x 26"కి 2.4, ఆయన చూసిందానికి 3.9, డౌన్‌విండ్ బోర్డు 7'10" x 18" అనుకుంటే 5.2. అది పెరిగేకొద్దీ అల కట్టడంలో పోయే శక్తి తగ్గుతుంది. కాబట్టి పొడుగు కంటే సన్నదనం చేసే మేలే ఎక్కువ అని నా అభిప్రాయం, పొడుగు ఎందుకంటే సన్నం చేస్తే పోయిన లీటర్లు ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా.

తిరగడం గురించి మీరన్నది నిజమే. బరువు ఒకటే అయినా పొడుగు 62 అంగుళాల నుంచి 78కి పోతే తిప్పడానికి అడ్డుపడే జడత్వం పొడుగు వర్గంతో పెరుగుతుంది, దాదాపు 58 శాతం ఎక్కువ. కాళ్ళకి తెలిసిపోతుంది.

పెర్త్_పద్మ
హాయ్ అందరికీ, ఇక్కడ నా గోల వేరే. అందరూ 80 కిలోల లెక్కలే చెప్తారు. నేను 58. నాకు 6'6" బోర్డు అంటే మీకు ఏ ఏడడుగుల పైదో ఇచ్చినట్టు. నాది 5'8" x 18.5", 65 లీటర్లు. స్వాన్ నదిలో పొద్దున పూట తూర్పు గాలి తుంపులు తుంపులుగా వస్తుంది, దాన్లో కూడా 4 మీటర్లతో లేచిపోతున్నా, మధ్యాహ్నం ఫ్రీమాంటిల్ డాక్టర్ (సముద్రం మీంచి వచ్చే గాలికి ఇక్కడి పేరు) ఎక్కాక సముద్రంలోకి పోతే అదే బోర్డు, మార్చను. పొడుగు బోర్డు తిరగదు అనేవాళ్ళు తమ బరువుకి మించిన పొడుగు ఎక్కి చెప్తున్నారేమో చూసుకోండి.

ఇంకోటి ఎవరూ చెప్పట్లేదు. గాలికి ఎదురుగా పోయేటప్పుడు ఫాయిల్ మీద మనం పక్కకి వాలతాం కదా, అప్పుడు వెడల్పు బోర్డు అంచు నీళ్ళకి తగులుతుంది. 25 డిగ్రీలు వాలితే 26 అంగుళాల బోర్డు అంచు దాదాపు 14 సెంటీమీటర్లు కిందకి దిగుతుంది, 20 అంగుళాలది 10.7. మూడు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది గానీ చాప్ (గాలికి లేచే చిన్న చిన్న గజిబిజి అలలు) ఉన్నరోజు ఆ మూడు సెంటీమీటర్లలోనే ఉంటుంది అంతా. పైగా తగిలినా సన్న ముక్కు నీళ్ళలో గుచ్చుకోకుండా జారి బయటకి వచ్చేస్తుంది, వేగం చావదు.

శాన్‌మాటియో_శీను
పద్మక్కా, నిలబడటం సంగతి? 26 నుంచి 20కి వస్తున్నా, ఆరు అంగుళాలు పోతున్నాయి. అదే భయం.

పెర్త్_పద్మ
భయం కరెక్టే. మోకాళ్ళ మీద మొదలుపెట్టు, వింగ్ తలపైకి ఎత్తి కొంచెం లాగనివ్వు, బోర్డు కదలడం మొదలయ్యాకే లెయ్యి. ఆగి ఉన్న సన్న బోర్డు మీద లేవబోతే ఎవరైనా పడతారు. కదిలే బోర్డుకి, కిందున్న మాస్ట్‌కి (బోర్డునీ ఫాయిల్ రెక్కనీ కలిపే నిలువు స్తంభం), రెక్కకి నీళ్ళ పట్టు దొరుకుతుంది, ఊగడం తగ్గుతుంది. రెండు పాదాలూ మధ్య గీత మీదే పడాలి, వెడల్పు బోర్డు మీద అటూ ఇటూ పెట్టే అలవాటు మానుకోవాలి. పాదాలు దూర్చే స్ట్రాప్స్ ఉంటే ముందు తీసెయ్.

గోదారి_గాలి
నిలకడకి కూడా లెక్కుంది. పక్కకి ఒరగకుండా ఆపేది పొడుగు ఇంటూ వెడల్పు ఘనం. 78 x 20 ఘనాన్ని 62 x 26 ఘనంతో భాగిస్తే 0.57. అంటే ఆగి ఉన్నప్పుడు మీ నిలకడ దాదాపు సగానికి పడిపోతుంది శీను గారూ. ముందుకీ వెనక్కీ మాత్రం చాలా పెరుగుతుంది, అందుకే పంప్ చేసేటప్పుడు ముక్కు గబుక్కున మునగదు.

లీటర్ల సంగతీ చూసుకోండి. 95 లీటర్లు ఉప్పునీటిలో మోసేది 97 కిలోలు, మీ మొత్తం 93. అంటే డెక్ (బోర్డు పైభాగం) దాదాపు నీళ్ళతో సమానంగా ఉంటుంది, థర్డ్ ఎవెన్యూ చాప్ మీ పాదాల మీంచి పోతుంది. వరంగల్ గారి షెర్మన్ ఐలాండ్‌కి తీసుకెళ్తే అక్కడ నది నీళ్ళు, మోసేది 95 కిలోలే, ఇంకాస్త మునుగుతుంది. మొదటి సన్న బోర్డుకి ఒక 10 లీటర్లు ఎక్కువ ఉన్నా నష్టం లేదంటాను.

వరంగల్_వింగర్
సగం నిలకడ పాయె, 58 శాతం బరువుగ తిరుగుడు వచ్చె, పైసలు పాయె. నేనన్నదే కదనే 😄

గోదారి_గాలి
😄 ఒప్పుకుంటానండి, గాలి బాగా ఉండే చోట మీ బోర్డే మంచిది. కానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రిస్సీ ఫీల్డ్ సంగతి ఆలోచించండి. అక్కడ ఎబ్ టైడ్‌లో (నీళ్ళు వెనక్కి తీసే సమయంలో) గాలి చచ్చిపోతే నీళ్ళు గోల్డెన్ గేట్ కిందుగా సముద్రంలోకి లాక్కుపోతాయి. పొట్టి బోర్డు మీద ఫాయిల్ లేవనప్పుడు ఎదురుగాలికి ఒక్క అడుగు కదలదు, అడ్డంగా కొట్టుకుపోవడమే. సన్న పొడుగు బోర్డు మీద 6, 7 నాట్ల గాలిలో కూడా మెల్లగా ఒడ్డుకి లాక్కుని రావచ్చు, అదీ కాకపోతే వింగ్ గాలి తీసేసి చుట్టి, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ రావచ్చు. 5'2" మీద పడుకుంటే ముక్కు మీ గడ్డం కిందే అయిపోతుంది. నేను పొడుగు బోర్డుకి మారడానికి టేకాఫ్ కంటే ఇదే పెద్ద కారణం.

వరంగల్_వింగర్
గది మాత్రం పాయింటే. క్రిస్సీకి నేను పోను గందుకే.

భీమిలి_బాబ్జీ
గురువు గార్లూ, మధ్యలో దూరుతున్నా. నాది భీమిలి. గోస్తనీ నది సముద్రంలో కలిసేకాడ నీళ్ళు చదునుగా ఉంటాయి, సాయంత్రం గాలి 10, 12 దాటడం కష్టం, కాబట్టి పొడుగు బోర్డే కావాలి నాకు. బయట్నుంచి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిపి బోర్డంత అవుద్ది. ఏటంటే, సొంతంగా చేద్దారనుకుంటన్నాను. బరువు 70. 6'6" x 20" అనుకున్నా, పీకల దాకా వీడియోలు చూసేసా గానీ కొలతలు ఎవడూ చెప్పడు. ఫిషింగ్ హార్బర్ కాడ ఫైబర్ బోట్లు చేసే మేస్త్రీ ఒకాయన తెలుసు, రెజిన్, మ్యాట్ ఆయనే ఇస్తానన్నాడు. థర్మాకోల్ బ్లాక్ దొరుకుద్ది. ఆకారం ఎలా ఉండాలో, ట్రాక్ బాక్సులు (మాస్ట్ బిగించే గాడులు) ఎక్కడ పెట్టాలో చెప్పగలరా?

గోదారి_గాలి
బాబ్జీ గారూ, ముందు ఆ రెజిన్ ఆపండి! బోట్లకి వాడేది పాలియెస్టర్ రెజిన్, దాన్లో స్టైరీన్ ఉంటుంది, థర్మాకోల్ మీద పోస్తే కళ్ళముందే కరిగి గుంటలు పడిపోతుంది. మీకు కావల్సింది ఎపాక్సీ. మ్యాట్ కూడా వద్దు, అది రెజిన్ తెగ తాగి బరువెక్కుతుంది. నేసిన గ్లాస్ క్లాత్, చదరపు మీటరుకి 200 గ్రాములది తీసుకోండి. మేస్త్రీ గారి చేతివాటం మాత్రం వదులుకోకండి, గుడ్డ పరిచి రోలర్ నడపడం వీడియోలో నేర్చుకునేది కాదు.

థర్మాకోల్ ప్యాకింగ్‌కి వచ్చేది పనికిరాదు, బొటనవేలితో నొక్కితే దిగిపోతుంది. ఘనపు మీటరుకి 24 కిలోలదైనా అడగండి. 95 లీటర్లకి అది 2.3 కిలోలు అవుతుంది, 32ది అయితే 3 కిలోలు. బోర్డు ఉపరితలం, పైనా కిందా పక్కలా కలిపి, 2.2 చదరపు మీటర్లు ఉంటుంది, రెండు పొరల గుడ్డ, దానికి సమానంగా రెజిన్, ఓ 1.8 కిలోలు. నిలబడే చోట ఇంకో పొర, బాక్సులు, ప్యాడ్ కలుపుకుంటే 6 కిలోల్లో అవ్వాలి. 8 దాటితే ఎక్కడో రెజిన్ ఎక్కువ పోసినట్టు.

మీ ఊళ్ళో ఎండ సంగతి తెలుసు కాబట్టి ఒకటి చెప్తాను. లామినేషన్ (గుడ్డ, రెజిన్ వెయ్యడం) పొద్దున మొదలెట్టకండి. ఎండెక్కేకొద్దీ థర్మాకోల్ లోపలి గాలి ఉబ్బి తడి రెజిన్ లోంచి బుడగలుగా పైకి తన్నుతుంది, ప్రతి బుడగా తర్వాత నీళ్ళు దిగే చిల్లే. సాయంత్రం చల్లబడేటప్పుడు వేస్తే ఆ గాలే లోపలికి కుంచించుకుని రెజిన్‌ని పీల్చుకుంటుంది. అదే కారణానికి వెంట్ ప్లగ్ (లోపలి గాలి బయటకి పోయే చిన్న మూత) తప్పనిసరి. నల్ల రంగు వెయ్యకండి, కార్బన్ బయటకి కనపడాలని సరదా పడకండి, రుషికొండ ఇసుకలో మధ్యాహ్నం వదిలేస్తే పొర లేచిపోతుంది.

పెర్త్_పద్మ
ఆకారం గురించి నేను చెప్తా, ఇక్కడ బోర్డులు చేసే ఒకాయన షెడ్‌లో కూర్చుని చాలా విన్నాను. బాబ్జీ, వెడల్పుని మధ్యలో ఒక్కచోట పెట్టి రెండు వైపులా సన్నం చెయ్యకు. అంచులు దాదాపు సమాంతరంగా, పాదాల కింద దాకా 20 అంగుళాలు వచ్చేలా లాగు. నువ్వు నిలబడేది వెనక సగంలో కదా, అక్కడ సన్నమైపోతే పేరుకే 20 అంగుళాలు, నిలకడ 17దే వస్తుంది. షోరూంలో చూసేటప్పుడు కూడా ఇదే చూడాలి శీనూ, స్టిక్కర్ మీద రాసిన వెడల్పు కాదు, వెనక పాదం పడేచోట టేపు పెట్టి కొలువు.

అడుగుభాగం ముక్కు దగ్గర వి ఆకారం, మధ్యకి వచ్చేసరికి చదును. కొందరు మొత్తం గుండ్రంగా చేస్తారు, బాగా జారుతుంది గానీ దుంగ మీద నిలబడ్డట్టే ఉంటుంది, మొదటి బోర్డుకి వద్దు. పక్క అంచులు కొంచెం పెట్టెలా నిలువుగా ఉంచితే ఒరిగినప్పుడు తేలుతుంది. వెనక ఓ 60 సెంటీమీటర్లు మాత్రం కింది అంచు పదునుగా, 90 డిగ్రీలు ఉండాలి, లేకపోతే నీళ్ళు అంచు చుట్టూ పైకి ఎక్కి టెయిల్‌ని పట్టుకుని వదలవు. తోక చివర కాస్త పైకి ఎత్తు. ఫాయిల్ లేవాలంటే బోర్డు వెనక్కి వాలాలి, తోక బల్లపరుపుగా ఉంటే వాలనివ్వదు.

భీమిలి_బాబ్జీ
అక్కా సూపర్. మందం? ట్రాక్?

గోదారి_గాలి
198 x 51 సెంటీమీటర్ల బోర్డుకి 95 లీటర్లు రావాలంటే మధ్యలో 13.5 సెంటీమీటర్ల మందం పడుతుంది. మీ బరువుకి 88 లీటర్లు చాలు అనుకుంటే 12.5. గమ్మత్తేంటంటే శీను గారి పాత బోర్డు మందం కూడా ఇంతే, పైనుంచి చూస్తే రెండిటి వైశాల్యం దాదాపు ఒకటే. నిలబడే చోట డెక్‌ని ఓ రెండు సెంటీమీటర్లు లోపలికి తవ్వితే పాదం ఫాయిల్‌కి దగ్గరవుతుంది, నీళ్ళు నిలవకుండా వెనక్కి దారి వదలండి.

ఇక ట్రాక్. నన్నడిగితే మిగతా కొలతలన్నీ ఒకెత్తు, ఇదొక ఎత్తు. పొడుగు బోర్డులు బాగోలేవు అనేవాళ్ళలో సగం మంది ఎక్కింది ఇది కుదరని బోర్డులే. బోర్డు తేలే కేంద్రం ఎక్కడుందో షేప్3డి గానీ, ఉచితంగా దొరికే బోర్డ్‌క్యాడ్ గానీ, బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు, చూపిస్తాయి. ఆ కేంద్రం, మీ రెండు పాదాల మధ్య, ముందు రెక్క లిఫ్ట్ చేసే చోటు, ఈ మూడూ ఒకదాని కింద ఒకటి రావాలి. కేంద్రం మీకంటే బాగా ముందుంటే ముక్కు ఆకాశం చూస్తుంది తోక మునుగుతుంది, 95 లీటర్లున్నా 70 లీటర్ల దానిలా ఉంటుంది. తోక చాలా పొడుగుంచి ఆ కేంద్రాన్ని వెనక్కి తెస్తే టేకాఫ్‌లో తోక నీళ్ళకి రాసుకుంటుంది. అందుకే పద్మ గారు చెప్పినట్టు వెడల్పునీ మందాన్నీ వెనక్కి మోసుకురావాలి, ముక్కుని మాత్రం పలచగా తేలిగ్గా వదిలెయ్యాలి, అప్పుడు వరంగల్ గారు తిట్టిన ఆ ఊపు కూడా తగ్గుతుంది.

పెట్టడం ఎలాగంటే, మీ ఫాయిల్ బిగించి ముందు రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా ఉండే కొలతలో ముందు నుంచి పావు వంతు దగ్గర గీత పెట్టుకోండి, అక్కడి నుంచి మాస్ట్ మధ్యకి టేపుతో కొలవండి. ఆ దూరం ఎంతో, తేలే కేంద్రం నుంచి అంత వెనక్కి ట్రాక్ మధ్య భాగం రావాలి. రెండు యూఎస్ బాక్సులు, ఒకదాని మధ్య గీత నుంచి ఇంకోదాని మధ్య గీతకి 90 మిల్లీమీటర్లు, పక్కాగా సమాంతరంగా. అర డిగ్రీ వంకర పోయినా జీవితాంతం ఒక కాలు నొప్పే. బాక్సుల్ని ఉత్త థర్మాకోల్‌లో అంటించకండి, చుట్టూ గట్టి పీవీసీ ఫోమ్ దిమ్మ, అడుగు నుంచి డెక్ దాకా ఆనేలా పెట్టండి. మాస్ట్ ఇసుకకి తగిలినప్పుడు ఆ దెబ్బంతా అక్కడికే వస్తుంది.

వరంగల్_వింగర్
నేనెక్కిన దోస్తు బోర్డు తోక మునిగేది నిజమే. మాస్ట్ ముందుకు జరుపుమంటే ట్రాక్ అయిపోయిందన్నడు. గందుకేనా అన్నా?

గోదారి_గాలి
అందుకే అయ్యుంటుందండి. మాస్ట్ ట్రాక్ మొదట్లోనో చివర్లోనో పెడితే గానీ కుదరట్లేదు అంటే ఆ బోర్డుకీ ఆ ఫాయిల్‌కీ పడట్లేదని లెక్క.

భీమిలి_బాబ్జీ
నిక్రోమ్ వైరుతో (కరెంటుకి వేడెక్కి థర్మాకోల్ కోసేది) కోత మొదలెట్టేస్తా గురువు గారూ. కోసాక ఫోటోలు పెడతా, తిట్టాలంటే అప్పుడే తిట్టండి, గుడ్డ వేసేశాక తిట్టినా లాభం లేదు.

అడ్మిన్_తెరచాప
బాబ్జీ గారూ, ఫోటోలకి "సొంత తయారీ" విభాగంలో కొత్త థ్రెడ్ పెట్టండి, లింక్ ఇక్కడ ఇవ్వండి. దీన్ని కొనేవాళ్ళకి ఉంచుదాం.

శాన్‌మాటియో_శీను
అప్‌డేట్. ఆ 6'6" ఆయన్ని అడిగి కొయోట్ పాయింట్‌లో ఎక్కి చూశా, తర్వాత షాపు వాళ్ళ డెమో 6'2" x 21.5" 105 లీటర్లది. 6'6" నీళ్ళు చదునుగా ఉన్నప్పుడు అద్భుతం, 12 నాట్లలో నా 5 మీటర్లతోనే, రెండు పంపులకే లేచింది, నమ్మలేకపోయా. కానీ చాప్‌లో ఆగినప్పుడల్లా పక్కకి పడిపోతున్నా, నీళ్ళలోంచి ఎక్కడానికే ఓపికంతా పోతోంది. 6'2" అంత జారదు గానీ లేస్తుంది, నిలబడగలుగుతున్నా, పద్మక్క చెప్పినట్టు వెనక పాదం దగ్గర కొలిస్తే 18 వచ్చింది, 6'6"కి 15 కూడా లేదు. అదీ సంగతి. 6'2" తీసుకుంటున్నా. నా కారు లోపల కూడా పడుతుంది, రూఫ్ ర్యాక్ ఖర్చు తప్పింది.

నా పాత 5'2" x 26" అమ్మకానికి. ప్యాడ్ వెనక మూల కొంచెం లేచింది, మిగతా అంతా క్లీన్. నేర్చుకునేవాళ్ళకి బంగారం.

వరంగల్_వింగర్
ఎంతకిస్తవ్ తమ్మీ? మా బామ్మర్ది నేర్చుకుంటనంటుండు.

శాన్‌మాటియో_శీను
మెసేజ్ పెట్టా అన్నా, చూడు.